మోకాలి కింది నూలు మూట

1962, మాఘమాసం, గురువారం. పగటి భోజనాలైన తర్వాత. మా ఇంట్లో మగ్గం గదిలో ఉన్నవాళ్లు: బాపు, అమ్మ, పక్కింటి పెదనాయిన, గొర్ల మామ, నేను.

ఏది రాసినా ముందుగా అది ఏ రోజన్నది, తర్వాత అక్కడున్నవాళ్ల వరుసలు రాయడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఆనాటి డైరీలో ఈ మాటల కింద కాగితం ఖాళీగా ఉంది. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం బాపు మళ్లీ మగ్గం గుంటలోకి దిగాలి. నెలల తరబడి ఇంట్లో అందరమూ ఆ ఒక్క పని కోసమే కాచుకుని ఉన్నాం.

మాది మోత్కూరు పక్కన నేతగాళ్ల వాడ. గుంట మగ్గం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. నేసేవాడు గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేస్తాడు. గుంట అడుగున రెండు చెక్కలుంటాయి. ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే పడుగు పోగులు సగం పైకి, సగం కిందికి విడిపోయి నోరు తెరుస్తాయి. ఆ నోట్లోంచి అడ్డపు నూలు మోసే నాడె అటు నుంచి ఇటు పరుగెత్తుతుంది. చూసేవాళ్లకు నేత అంటే చేతుల పని. చేసేవాళ్లకు సగం కాళ్ల పని.

బతుకమ్మ పండుగకు ముందు బాపు వీధిలో కొత్త పడుగు సాపి గంజి పెడుతున్నాడు. పడుగును రెండు కొసలా గుంజలకు కట్టి, బిగువుగా లాగి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. బిగించే తాడు పాతది. లాగుతుంటే పుటుక్కున తెగింది. పడుగు దుమ్ములో పడితే ఎందుకూ పనికిరాదని బాపు కొసను అందుకోవడానికి ముందుకు ఉరికాడు, ఉరికి ఇంటి ముందటి బండ అంచు మీద మోకాలితో పడ్డాడు. పడుగు దక్కింది. మోకాటి చిప్ప ముక్కలైంది.

పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. చిప్ప అతికించేలా లేదని తీసేశారు. కట్టు విప్పేదాకా అక్కడే ఉన్నాం. నొప్పికి గోలీలు ఇస్తే బాపుకు కడుపులో మంట, వాంతులు. రెండు రకాలు మార్చి చూసి డాక్టరు ఆపేశాడు. ఆయన పట్నం మనిషి, మాట నెమ్మది. అమ్మనూ నన్నూ మంచం పక్కన నిలబెట్టి, బాపుతో కలిపి ముగ్గురికీ చెప్పాడు.

"ఇక గోలీల ఆశ లేదు. ఉన్నవి నాలుగే. వేడి కాపడం, చల్లనీళ్ల గుడ్డ, కదలిక, ఓపిక. వంచడం ఎంత ముఖ్యమో చాపడం అంత ముఖ్యం. పడుకున్నప్పుడు మడమ కింద ఎత్తు పెట్టండి. మోకాలి కింద మాత్రం ఏదీ పెట్టొద్దు. చలికాలం పోయేలోపల కాలు దారికి రావాలి. తర్వాత ఎంత గుంజినా అంతే."

ముగ్గురమూ విన్నాం. ముగ్గురికీ అర్థమైంది.

ఇంటికి వచ్చాక కాపడం అమ్మ చేతిలోకి పోయింది. పెనం మీద ఉప్పు వేయించి పాత గుడ్డలో మూటగట్టి, ముందు తన చెంపకు ఆనించి చూసుకుని, తర్వాత బాపు మోకాలి చుట్టూ అద్దేది. వంచడానికి ముందు వేడి. వంచిన తర్వాత వాపు వస్తే కుండనీళ్లలో తడిపిన గుడ్డ. మొదట్లో ఈ రెంటినీ తారుమారు చేసి, వాచిన కాలికి వేడి పెట్టి, బాపుతో తిట్లు తిన్నది కూడా అమ్మే.

వంచడం మాత్రం ఎవరి చేతా కాలేదు. నేను పట్టుకుని వంచబోతే బాపు నా జుట్టు పట్టుకునేవాడు. పెదనాయిన పడితే ఊరంతా వినేలా అరిచేవాడు. పెదనాయిన బాపుకు వరుసకు అన్న, ఆయనదీ నేతే. చివరికి బాపే ఉపాయం చెప్పాడు. మూలన పడి ఉన్న పాత మగ్గం కప్పీని ఇంటి దూలానికి కట్టించాడు. దాని మీదుగా తాడు వేసి, ఒక కొస మడమకు గుడ్డతో చుట్టించి, రెండో కొస తన చేతిలో పెట్టుకున్నాడు. తాడు లాగితే కాలు లేస్తుంది, వదిలితే దిగి వంగుతుంది.

"మీరు గుంజితే పానం పోతాంది. నేనే గుంజుకుంటే నొప్పి ఏడ దాకా వస్తదో ఎరుకైతది. ఆడికి జర ముంగట ఆగుత" అన్నాడు.

నిజంగానే ఆ రోజు నుంచి అరుపులు తగ్గాయి. నొప్పి తగ్గిందని అనను. తాడు తన చేతిలో ఉన్నదని భయం తగ్గింది.

దానికి తోడు గొర్ల మామ. ఆయన మాకు చుట్టం కాదు. పొలిమేరలో మంద పెట్టుకునే మనిషి. బాపుతో చిన్ననాటి స్నేహం. బాపును బావ అనేవాడు, అమ్మను అక్క అనేవాడు. రోజూ పొద్దున గొర్లను తన పెద్దకొడుక్కు అప్పగించి, గొంగడి భుజాన వేసుకుని వచ్చి, తాడు పక్కన కూలబడి కథ మొదలుపెట్టేవాడు.

"గా పొట్టేలు ఉన్నది సూడు, కొమ్ములు తిరిగింది, గది పట్వారి ఎనకంగ పోయింది బావా. పట్వారి లెక్కలు రాస్తాండు. నెత్తికి సుట్టిన రుమాలు కొస ఎనక యేలాడుతాంది. పొట్టేలు గా కొస నోట పట్టింది…"

"పట్టి?"

"పట్టి ఏముంది, నువ్వు గుంజు. నువ్వు గుంజితే అది గుంజుతది."

బాపు పళ్లు బిగించి తాడు లాగేవాడు.

"ఒక సుట్టు ఊడింది. పట్వారికి ఎరుక లేదు. ఇగ ఇంకొక సుట్టు…"

"నీ అబద్ధం పాడుగాను. ఎంత పొడుగుంటదిర గా రుమాలు?"

"నువ్వు నేసిందే గదా బావా. నాకేం ఎరుక, నువ్వే జెప్పు."

బాపుకు నవ్వు వచ్చేది. నవ్వుతూనే కళ్ల వెంట నీళ్లు కారేవి. ఆ నీళ్లు ఎందువల్లనో విడదీసి చెప్పలేను. అట్లా పట్వారి రుమాలు ఆ చలికాలమంతా ఊడుతూనే ఉంది. దాని చివర ఏమైందో మామ ఏ రోజూ చెప్పలేదు.

నేను ఆ రోజుల్లో కొద్ది దూరంలో ఒక పల్లె బడిలో పంతులుని. సెలవు రోజుల్లో ఇంటికి వచ్చేవాణ్ని. నాకు నేత రాదు. చదువుకో అన్నాడే కానీ బాపు నన్ను గుంట దగ్గరికి రానివ్వలేదు. అందుకే బాపు పడేనాటికి మగ్గం మీద సగం నేసి ఉన్న చీర అట్లాగే ఉండిపోయింది. ఎవరి కోసమో అనుకున్న చీర కాదు. అంగట్లో ఎవరు కొంటే వాళ్లకు. దుమ్ము పడకుండా అమ్మ దాని మీద పాత పంచె కప్పింది.

పెదనాయిన ఒకటి రెండుసార్లు అడిగాడు. "నేను కూసుంటరా. నాలుగు రోజుల పని."

"వద్దన్నా. నా దెబ్బ మీద నీ దెబ్బ పడితే అడ్డం గీత లేస్తది. నేను మొదలుపెట్టిన బట్ట నేనే కోస్త."

మా వాడలో అది అందరి పట్టింపు. మగ్గం పలకను లాగి, అడ్డంగా పోయిన పేకను బిగించి కొట్టే దెబ్బ మనిషి మనిషికి వేరు. ఒకరు ఆపిన చోట ఇంకొకరు మొదలుపెడితే, చీరకు అడ్డంగా వెంట్రుకంత గీత కనబడుతుంది. కొనేవాళ్లకు కనబడదేమో. నేతగాళ్ల కంటికి అది కుట్టు వేసిన గాయంలా ఉంటుంది.

ఇక మూట సంగతి.

డాక్టరు చెప్పినట్టే మొదట్లో మడమ కింద గొంగడి మడత పెట్టాం. అప్పుడు మోకాలి కింద ఏ ఆసరా ఉండదు. కాలు తన బరువుకు తానే చాచుకుంటుంది. ఆ చాచుకోవడంలో నొప్పి చాలా ఎక్కువ. లాగినప్పటి నొప్పి వచ్చి పోయేది, ఇది కదలకుండా కూర్చునేది. బాపు దుప్పటి కొస నోట్లో కుక్కుకునేవాడు. అమ్మ గోడ వైపు తిరిగి కూర్చునేది.

ఒక రోజు అమ్మ లేచి, అరుగు మీద ఉన్న చిలపలను, ఇంకా చుట్టని నూలు కట్టలను, పాత చీర ముక్కలో మూటగట్టి తెచ్చింది. మడమ కింది గొంగడి తీసేసి ఆ మూటను మోకాలి కిందికి జరిపింది. బాపు ముఖం విప్పారింది. నోట్లోంచి దుప్పటి తీసి, పెద్దగా ఊపిరి వదిలాడు.

"డాక్టర్ వద్దన్నడు గదనే" అన్నాడు, కానీ మూటను తీయమనలేదు.

"డాక్టర్ వచ్చి నీ పక్కకు కూసుంటడా?" అంది అమ్మ.

నేను అభ్యంతరం చెప్పాను. బాపు నా మాటను ఎగరగొట్టేశాడు.

"అరేయ్, నేతగాని కాలు వంగాలె. గుంటల కూసునేటోనికి సాపుడు ఎందుకురా? కాళ్లు సాపుకొని పండుకోనికి నేను పటేల్నా? గీ మూట మీద మోకాలు సూడు, గుంటల యేలాడేసినట్టే ఉన్నది. గిట్లనే అలవాటైతే మంచిదే."

ఆ మాట మా అందరికీ సరిగ్గానే తోచింది. పెదనాయిన కూడా తల ఊపాడు. పుట్టినప్పటి నుంచి మేం చూసిన కాలు గుంటలో వంగి ఉన్న కాలు. కాలి వాటం అంటే మాకు అదే. పగలు తాడుతో వంచడం, పడుకున్నప్పుడు మూట మీద వంచి ఉంచడం. రెండూ ఒకే దారి అనుకున్నాం. ఇంట్లో అందరికీ కంటినిండా నిద్ర దొరికింది. అమ్మ మళ్లీ పాటలు కూనిరాగం తీస్తూ పొయ్యి ముట్టించింది.

ఈ మధ్య నాకూ మోకాలు మార్చారు. అరిగిన కీలు తీసి కొత్తది పెట్టారు. మందులు పనిచేసినా వాటితోనే గడవదని, కాలితో కసరత్తు చేయించడానికి ఒక అమ్మాయి ఇంటికి వచ్చేది. ఐసు సంచి, కాలు ఎత్తి పెట్టడం, ఊపిరి నెమ్మదిగా వదలడం, మనసు మళ్లించే మాటలు. ఆమె చేయించినవన్నీ మా మగ్గం గదిలో వేరే రూపంలో జరిగినవే. మొదటి రోజు ఆమె రాగానే నా మోకాలి కింద ఉన్న దిండు పట్టి లాగింది.

"దీనితో హాయిగా ఉంది తల్లీ" అన్నాను.

"ఉంటుంది తాతయ్యా. అందుకే తీస్తున్నా. హాయిగా ఉందని వదిలేస్తే కాలు అట్లాగే బిగుసుకుంటుంది."

మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టింది. నొప్పి లేచింది. నేను ఏడిస్తే ఆ పిల్ల కంగారుపడి చుట్ట తీయబోయింది. వద్దని చేయి ఊపాను. అది నా మోకాలి ఏడుపు కాదని ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియలేదు.

గురువారం నాటికి వస్తాను. బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను.

అమ్మ పొద్దున్నే మగ్గం గది అలికింది. చీర మీది పంచె తీసి దులిపింది. పలకకు పసుపు రాసి బొట్టు పెట్టింది. పెదనాయిన పోగులన్నీ చూసి, ఎండిన చోట తడి అద్ది, కాలి చెక్కల తాళ్లు బిగించాడు. భోజనాల తర్వాత నేనూ మామా చెరో రెక్క పట్టి బాపును గుంట అంచుకు తెచ్చాం.

"బామ్మర్దీ, దింపేటప్పుడు మంద దించినట్టు దొబ్బకు" అన్నాడు బాపు.

"నిన్ను దొబ్బితే గుంట కూలుతది. మెల్లగ దిగు."

అంచున కూర్చున్నాడు. ముందు ఎడమ కాలు దించాడు. తర్వాత రెండు చేతులతో కుడి తొడ పట్టుకుని ఆ కాలు దించాడు. మోకాలు వంగింది. మేం భయపడినంత కష్టం లేకుండా వంగి, ఎడమ మోకాలి పక్కన దానికి జతగా నిలిచింది.

"సూసినవానే!" అన్నాడు బాపు అమ్మతో. "గంతే. నేను జెప్పలే?"

అమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. మామ గొంగడి తీసి గాలిలో తిప్పాడు. నేను తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాను.

బాపు మగ్గానికి దండం పెట్టి, ఎడమ కాలి చెక్క తొక్కాడు. పడుగు నోరు తెరిచింది. నాడె పోయింది. పలక లాగి కొట్టాడు. ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో. తర్వాత కుడి కాలు.

పాదం చెక్కను నొక్కుతూ దిగింది, సగం దారిలో ఆగిపోయింది. చెక్కను అడుగుదాకా నొక్కాలంటే చివరలో మోకాలు సాగాలి. అది సాగలేదు. పడుగు సగమే నోరు తెరిచింది. కానీ ఎన్నో ఏళ్ల అలవాటు, కాలు ఆగిందని చేతికి తెలియలేదు. చేయి నాడెను విసిరేసింది. నాడె సరిగా విడిపోని పోగుల్లో దూరి చిక్కుకుంది. పోగులు టుపుక్ టుపుక్‌మని తెగాయి.



"చెక్క దూరమున్నది" అన్నాడు పెదనాయిన. గుంటలోకి వంగి, ఆ చెక్క మీద ఒక కట్టె ముక్క పెట్టి కట్టాడు. పాదానికి చెక్క దగ్గరైంది, కానీ తొక్కే బలం రాలేదు. బాపు మళ్లీ మళ్లీ తొక్కాడు. తొడ గడగడ వణికింది. చెమట చుక్కలు చీర మీద పడితే, మరక అవుతుందని అరచేత్తో తుడిచాడు.

"సాలు" అన్నాడు పెదనాయిన మెల్లగా. "వంగుడు వచ్చిందిరా తమ్మీ. సాగుడు రాలే."

అమ్మ తల తిప్పి మూలకు చూసింది. అక్కడ బాపు మంచం మీద, మోకాలు ఉండే చోట, నూలు మూట ఉంది. రోజూ ఒత్తుకుని మధ్యలో గుంట పడింది.

బాపు ఆ చూపును పట్టాడు.

"గటు సూడకు. చిప్పే లేని మోకాలు ఎట్ల సాగుతది? మూట ఏం జేసింది?"

అమ్మ మూట మీది నుంచి చూపు తిప్పలేదు.

బాపు మాటలో నిజం ఉండొచ్చు. ఎండాకాలంలో మళ్లీ దవాఖానకు పోయినప్పుడు ఆ డాక్టరును నేను పక్కకు పిలిచి అడిగాను. చిప్ప తీస్తే కాలు చాచే బలం కొంత పోతుందని, కింద ఎత్తు పెట్టుకుంటే బిగుసుకోవడమూ ఉంటుందని, ఇందులో దేని పాలు ఎంతో తాను చెప్పలేనని అన్నాడు. మంచి మనిషి. దేని పాలు ఎంతో నాకు ఈనాటికీ తెలియదు. అమ్మకు మాత్రం ఆ గురువారమే తెలిసిపోయింది, ఇంకెవరు ఏం చెప్పినా ఆమె వినలేదు.

బాపును పైకి తీసి గొంగడి మీద కూర్చోబెట్టాం. పెదనాయిన తాను నేస్తానని మళ్లీ అనబోయి, అనకుండా వెళ్లిపోయాడు. మామ పోలేదు. పొద్దు వాలాక బాపే అడిగాడు.

"బామ్మర్దీ, గా రుమాలు ఏమైందిరా?"

"ఏ రుమాలు?"

"పట్వారిది."

మామ గొంగడి కొస సర్దుకున్నాడు. "పట్వారి నెత్తి మీదనే ఉన్నది బావా. పొట్టేలు ఇడిసిపెట్టింది" అని లేచి, గొర్లు ఇంటికొచ్చే యాళ్లయిందంటూ వెళ్లిపోయాడు.

దీపాలు పెట్టే వేళ అమ్మ మగ్గం దగ్గర కూర్చుని తెగిన పోగులు ముడివేస్తోంది. పోగులు అతికేది మా ఇండ్లలో ఆడవాళ్లే. బాపు మంచం మీదికి చేరాడు. అలవాటుగా కాలు ఎత్తి, మూట కోసం తడుముకున్నాడు. అమ్మ దాన్ని అప్పటికే తీసేసింది.

"ఏదే?"

"లేదు."

"ఇయ్యి. జర సేపు."

"నేను పెట్టవట్టి గదా గిట్లయింది" అంది అమ్మ, పోగుల మీది నుంచి తల ఎత్తకుండా.

"నువ్వు పెట్టకపోతే గీ చలికాలం నేను బతికేటోన్నే కాదు."

"బతికినవ్. కాలు పోయింది."

 అమ్మ ముడి వేసిన పోగును వేళ్లతో లాగి చూసి, ఇంకొక పోగు అందుకుంది. నేను లేచి గొంగడి మడిచి బాపు మడమ కింద పెట్టాను. వద్దనలేదు. దుప్పటి కొస నోట్లో పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.

మర్నాడు శుక్రవారం. మగ్గం చప్పుడుకే మెలకువ వచ్చింది. ఒక్క క్షణం బాపే అనుకుని ఉరికాను. కానీ గుమ్మం దాకా పోకముందే తెలిసింది. దెబ్బ వేరుగా ఉంది. బాపు దెబ్బ బరువైనది, మధ్యలో కాస్త ఆగేది. ఇది తేలిక, త్వరత్వరగా పడుతోంది.

అమ్మ గుంటలో ఉంది. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. మా వాడలో ఆడవాళ్లు నూలు చుడతారు, పోగులు అతుకుతారు, గుంటలోకి మాత్రం మగవాళ్లే దిగుతారు. అమ్మ పుట్టింట్లో మగపిల్లలు లేరని, పెళ్లయ్యేదాకా ఆమే నేసేదని నాకు అప్పటిదాకా తెలియదు. మా ఇంటికి వచ్చాక ఆ మాట ఎప్పుడూ అనలేదు.

బాపు గుంట పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడి కాలు ముందుకు పెట్టి, మడమ కింద గొంగడి మడత ఉంచుకున్నాడు. మోకాలు నేలకు ఆనకుండా గుడారంలా లేచి ఉంది. చేతి కింద రాట్నం. మూట గుడ్డ విప్పి పక్కన పరిచి ఉంది. అందులో ఉన్న చిలపల్లో ఒకదాన్ని రాట్నానికి ఎక్కించి, నాడెలో పెట్టే కండె చుడుతున్నాడు. ఒత్తుకుపోయిన నూలు మొదట సరిగా రాలేదు. వేళ్లతో విడదీస్తూ, ఊదుతూ చుడుతున్నాడు.

"గట్టిగ కొట్టు. పలచగైతాంది" అన్నాడు.

"నువ్వు ముందుగాల కండె సక్కగ సుట్టు. గుంజితే వస్తలేదు" అంది అమ్మ.

దగ్గరికి పోయి చూశాను. చీరలో బాపు ఆపిన చోట, అమ్మ మొదలుపెట్టిన చోట, అడ్డంగా గీత ఉంది. బాపు కూడా దాన్ని చూశాడు. పక్కకు ఒరిగి, బొటనవేలితో దాని మీద ఒకసారి రాసి చూసి, చేయి వెనక్కి తీసుకున్నాడు. నాడెలో కండె అయిపోయింది. అమ్మ చేయి చాపింది. బాపు కొత్త కండె ఆ చేతిలో పెట్టాడు.